సిబిల్ సందేహాలు: అంకె సరే, రిపోర్టులో ఏ గడి చూడాలి?

ఈసారి సిబిల్ మీద, అంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో చూసి ఇచ్చే స్కోరు మీద, వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను, వేరేవి వచ్చేసారి చూద్దాం. ముందుగా ఒక్క మాట. మీలో చాలామంది ఫోన్లో కనిపించే ఆ ఎరుపు, ఆకుపచ్చ మీటరును ఫొటో తీసి పంపి "ఎందుకు తగ్గింది సార్" అని అడుగుతున్నారు. జ్వరం 102 ఉందని చెబితే అది మలేరియానో టైఫాయిడో ఎవరు చెప్పగలరు, రక్తపరీక్ష కావాలి కదా. ఇక్కడ రక్తపరీక్ష అంటే మీ అప్పులూ, కట్టిన తీరూ రాసి ఉండే పూర్తి రిపోర్టు. అది తెప్పించుకుని పక్కన పెట్టుకుని ఈ జవాబులు చదివితే ఉపయోగం ఎక్కువ.

ప్రశ్న: ఒక యాప్‌లో నా స్కోరు 782 చూపిస్తోంది, ఇంకోదాంట్లో 731. బ్యాంకుకి వెళితే మేనేజరు గారు 756 అన్నారు. ఏది నిజం? మాటిమాటికీ చూసుకుంటే స్కోరు పడిపోతుందని మా వారు తిడుతున్నారు, అదీ నిజమేనా?
— ఒక గృహిణి, తెనాలి

మూడూ నిజమే అయ్యుండొచ్చండీ. మన అప్పుల లెక్కలు రాసిపెట్టే కంపెనీలు దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. సిబిల్ అందరికంటే ముందు, 2000లో మొదలైంది కాబట్టి మనం నాలుగింటినీ కలిపి సిబిల్ అనేస్తున్నాం. నాలుగూ 300 నుంచి 900 మధ్యనే స్కోరు ఇస్తాయి, కానీ ఎవరి లెక్క వాళ్లది, మీ బ్యాంకు పంపిన తాజా వివరం ఒకరి దగ్గర ముందు ఎక్కుతుంది, ఇంకొకరి దగ్గర వారం ఆలస్యమవుతుంది. మీ రెండు యాప్‌లూ వేర్వేరు కంపెనీల దగ్గర తీసుకుంటున్నాయేమో, స్కోరు కింద చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది, చూడండి. పది, ఇరవై పాయింట్ల తేడాకి నిద్ర పాడు చేసుకోకండి. మీకున్నట్టు యాభై తేడా ఉంటే మాత్రం రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే, ఒకదాంట్లో ఉన్న అప్పు రెండోదాంట్లో లేకపోవడమో, ఒకచోట ఆలస్యం అని పడి ఇంకోచోట పడకపోవడమో కనిపించే అవకాశం ఉంది.

మీ వారి మాట మాత్రం తప్పు. మీరు మీ రిపోర్టు ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు ఒక్క పాయింటు కూడా తగ్గదు. మీరు అప్పుకో కార్డుకో దరఖాస్తు పెట్టినప్పుడు ఆ బ్యాంకు తీసే రిపోర్టే లెక్కలోకి వస్తుంది. అలాంటివి నెలలో నాలుగైదు పడితే "ఈవిడకి డబ్బు బాగా అవసరంలా ఉంది" అని అవతలివాళ్లు అనుకుంటారు. అందుకే "మీకు ఎంత లోన్ వస్తుందో చూసుకోండి" అనే ప్రకటనలు నొక్కేముందు ఆలోచించండి, కొన్నిచోట్ల ఆ ఒక్క నొక్కుతో మీ దరఖాస్తు నలుగురైదుగురి దగ్గరికి వెళ్తుంది. ఉచితంగా స్కోరు చూపించే యాప్‌లు ఊరికే చూపించవు, ఆ తర్వాత మొదలయ్యే లోన్ ఫోన్లే వాళ్ల వ్యాపారం.

పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది, 2017 నుంచి ప్రతి కంపెనీ ఏడాదికి ఒకటి ఇచ్చి తీరాలి. నాలుగు కంపెనీలు, నాలుగు రిపోర్టులు. అన్నీ ఒకేరోజు తీసేయకుండా మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడుగునా పైసా ఖర్చు లేకుండా ఒక కన్నేసి ఉంచవచ్చు. కంపెనీ వెబ్‌సైటుకే నేరుగా వెళ్లండి, పాన్ నంబరు, పుట్టిన తేదీ, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఉంటే చాలు. డబ్బు కట్టే ప్లాన్లు ముందు కనిపిస్తాయి, కంగారుపడి కట్టేయకండి, ఉచిత రిపోర్టు అన్న మాట ఎక్కడుందో వెతికి అది నొక్కండి.

చేతికొచ్చాక చూడాల్సింది ఇది. ప్రతి అప్పు కింద నెలనెలా చిన్న గడులుంటాయి, మూడేళ్లవి. గడిలో 000 అంటే ఆ నెల సమయానికి కట్టారని. 030 అంటే ముప్పై రోజులు ఆలస్యం. ఎక్స్ఎక్స్ఎక్స్ అని ఉంటే భయపడకండి, ఆ నెల బ్యాంకు వివరం పంపలేదని మాత్రమే. ఎస్‌టీడీ (స్టాండర్డ్) అని ఉంటే అప్పు మొండి బాకీ కాలేదని, మంచిదే. ఎస్ఎంఏ, ఎస్‌యూబీ, డీబీటీ, ఎల్ఎస్ఎస్ కనిపిస్తే అప్పు ముదురుతున్నట్టు లెక్క, వరసగా ఒకదాన్ని మించి ఒకటి. ఆ తర్వాత చివర్లో ఎంక్వైరీల పేజీ చూడండి, మీకు తెలియని పేరుతో ఎవరైనా మీ రిపోర్టు తీశారా అని. స్కోరు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, అసలు కథంతా వెనక పేజీల్లో ఉంటుంది.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, ఇంతవరకు ఒక్క రూపాయి అప్పు చేయలేదు. బైక్ లోన్‌కి వెళితే స్కోరు మైనస్ ఒకటి అన్నారు. సున్నా కంటే తక్కువ అంటే నేనేం తప్పు చేశాను?
— ఒక ప్రైవేటు ఉద్యోగి, కాకినాడ

ఏ తప్పూ చేయలేదు. మైనస్ ఒకటి అంటే మీ గురించి రాయడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదని, అంతే, అది చెడ్డ మార్కు కాదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకి చెప్పింది, కొత్తవాళ్లకి కనీస స్కోరంటూ ఏదీ లేదని అదే ఏడాది ఆగస్టులో ఆర్థికశాఖ పార్లమెంటులోనూ చెప్పింది. అలాగని అడిగినవాళ్లందరికీ ఇవ్వాలని కాదు, జీతం, ఉద్యోగం వాళ్లు చూసుకుంటారు. మీ జీతం పడే బ్యాంకులోనే ముందు అడగండి. కాదంటే కొద్ది మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద ఇచ్చే క్రెడిట్ కార్డు తీసుకుని, నెలకోసారి పెట్రోలు కొట్టించి బిల్లు పూర్తిగా కట్టేస్తూ ఉండండి. ఆరునెలలు దాటేసరికి మీకంటూ ఒక స్కోరు వస్తుంది.

ప్రశ్న: కార్డు మీద 1,20,000 బాకీ పడ్డాను. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి 60,000 కడితే క్లోజ్ చేస్తామన్నాడు, అప్పోసప్పో చేసి కట్టాను. రెండేళ్లయింది. ఇప్పుడు ఇంటి లోన్‌కి వెళితే సిబిల్ బాలేదని వెనక్కి పంపారు. బాకీ లేదు కదా, మళ్లీ ఏంటిది?
— చిన్న వ్యాపారి, కరీంనగర్

మీ రిపోర్టులో ఆ కార్డు దగ్గర "సెటిల్డ్" అని ఉండి ఉంటుంది, "క్లోజ్డ్" అని కాదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే మీ ఇంటి లోన్‌ని ఆపింది. క్లోజ్డ్ అంటే కట్టాల్సిందంతా కట్టారని. సెటిల్డ్ అంటే "పూర్తిగా రాలేదు, వచ్చినకాడికి తీసుకుని సర్దుకున్నాం" అని ఆ బ్యాంకు మిగతా బ్యాంకులన్నిటికీ చెప్పడం. ఏజెంటు ఫోన్లో క్లోజ్ అన్నాడు, అది అతని భాష. అతనికి కావాల్సింది ఆ నెల వసూలు, మీ రిపోర్టులో ఏ మాట పడుతుందన్నది అతని బాధ్యత కాదు, దాని గురించి చెప్పడం కూడా అతనికి అవసరం లేదు.

ఇప్పుడైనా సరిచేసుకోవచ్చు. ఏజెంటుతో కాదు, బ్యాంకుకే రాతపూర్వకంగా రాయండి, సెటిల్‌మెంట్‌లో ఎంత వదులుకున్నారో చెప్పండి, ఆ మొత్తం కట్టేస్తే ఖాతాను క్లోజ్డ్‌గా మారుస్తారా అని అడగండి. ఒప్పుకుంటే ఆ మాట బ్యాంకు లెటర్‌హెడ్ మీద తీసుకున్నాకే కట్టండి, కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదన్న పత్రం) తీసుకోండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలన్న నియమం ఉంది, కాబట్టి నెల తిరిగేసరికి మార్పు కనిపించాలి. కనిపించకపోతే ఆ సర్టిఫికెట్ జతచేసి సిబిల్‌లో ఫిర్యాదు పెట్టండి. రెండేళ్ల కిందటి ఆలస్యాల గడులు మాత్రం మాయం కావు, కొత్త నెలలు మంచిగా పడేకొద్దీ వాటి బరువు తగ్గుతుంది.

ఇది చదివి, సెటిల్‌మెంట్ అంటేనే పాపం అనుకోకండి. ఉద్యోగం పోయో, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చో నిజంగా కట్టలేని పరిస్థితిలో ఉన్నవాళ్లకి, అసలేమీ కట్టకుండా వడ్డీ మీద వడ్డీ పెరగనివ్వడం కంటే సెటిల్‌మెంటే నయం. స్కోరు తర్వాత బాగుచేసుకోవచ్చు, ముందు మనిషి తేరుకోవాలి. తెలిసి చేయమంటున్నాను, అంతే.

ఇంకొకటి, "రిటన్ ఆఫ్" అని ఉన్నవాళ్లు కొందరు మాఫీ అయిపోయిందని సంబరపడుతూ రాశారు. అది మాఫీ కాదండీ. బ్యాంకు తన పద్దుల్లో ఆ అప్పుని పక్కన పెట్టింది, మీరు కట్టాల్సింది అలాగే ఉంది, వసూలుకి వాళ్లు ఎప్పుడైనా రావచ్చు. రిపోర్టులో సెటిల్డ్ కంటే కూడా ఇది చెడ్డగా కనిపిస్తుంది.

ప్రశ్న: క్రెడిట్ కార్డు బిల్లు రెండు రోజులు లేటుగా కట్టాను. స్కోరు పోయినట్టేనా? రాత్రి నుంచి ఒకటే టెన్షన్.
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

పోలేదు, పడుకోండి. గడువు దాటి మూడు రోజులకు మించి కట్టకుండా ఉంటేనే కార్డు కంపెనీ దాన్ని బాకీ పడినట్టు రిపోర్టు చేయాలని 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ఇది కార్డులకే, ఈఎంఐలకి కాదు. ఆటో డెబిట్ పెట్టుకోండి, కనీస మొత్తానికి కాదు, పూర్తి మొత్తానికి.

ప్రశ్న: నాకు ఎప్పుడూ 800 పైనే ఉండేది. చెల్లి పెళ్లికి కార్డు మీద గట్టిగా కొన్నాను, బిల్లు గడువులోపే మొత్తం కట్టేశాను. అయినా 768కి పడింది. వచ్చే నెల ఫ్లాట్ లోన్ పెట్టాలి. ఏం చేయను?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గచ్చిబౌలి

కార్డు పరిమితిలో ఎంత వాడారన్నది కూడా స్కోరులో ఒక భాగం. రెండు లక్షల పరిమితిలో లక్షా డెబ్భై వేలు వాడితే, మీరు తర్వాత మొత్తం కట్టేసినా, బ్యాంకు వివరాలు పంపిన రోజున ఆ బాకీయే కనిపిస్తుంది. మీరు మర్నాడే కట్టారా, అసలు కడతారా లేదా అన్నది ఆ రోజుకి స్కోరు లెక్కకి తెలియదు. మామూలుగా ముప్పై శాతం లోపు వాడితే మంచిదంటారు. ఈ దెబ్బ తాత్కాలికమే, బాకీ తగ్గిన వివరం వెళ్లాక చాలావరకు తిరిగి లేస్తుంది. ఈ నెల కార్డు పెద్దగా వాడకండి, వాడినా స్టేట్‌మెంట్ తయారుకాకముందే కట్టేయండి. లోన్ చేతికొచ్చేదాకా కొత్త కార్డుకీ, షాపులో ఫోన్ ఈఎంఐకీ దరఖాస్తు పెట్టకండి. "వాడకం తగ్గించాలి కదా" అని పాత కార్డు రద్దు చేస్తారేమో, అది తిరగబడుతుంది, మొత్తం పరిమితి తగ్గి వాడకం శాతం ఇంకా పెరుగుతుంది.

768తో మామూలుగా ఇంటి లోన్ రాకపోవడం ఉండదు. అడగాల్సింది వేరే. స్కోరును బట్టి వడ్డీ రేటు మెట్లుమెట్లుగా పెట్టే బ్యాంకులున్నాయి, ఒక్కో బ్యాంకు మెట్టు ఒక్కోచోట ఉంటుంది, మీది ఏ మెట్టు కిందికి వస్తుందో సంతకం పెట్టకముందే అడగండి. 40 లక్షలు 20 ఏళ్లకి తీసుకుంటే 8.5 శాతానికి ఈఎంఐ దాదాపు 34,700 పడుతుంది, 9 శాతానికి దాదాపు 36,000. నెలకి పన్నెండు, పదమూడు వందలు ఏముందిలే అనిపిస్తుంది, 240 నెలలకి లెక్కేస్తే మూడు లక్షలు దాటుతుంది. మీ 768 ఒక మెట్టుకి నాలుగైదు పాయింట్ల కింద ఆగిపోయిందని తేలితే, ఒక నెల ఆగి పెట్టుకోవడంలో తప్పు లేదు, బిల్డరు తొందరపెట్టినా సరే. మెట్టు దాటే ఉంటే 800 కోసం పాకులాడటం వృథా.

ప్రశ్న: మాకు రుణమాఫీ వచ్చింది. కానీ ట్రాక్టరు లోన్‌కి పోతే పంట రుణం బాకీ అట్లనే చూపిస్తుంది అంటున్నరు. మాఫీ అయినంక బాకీ ఎట్లుంటది?
— ఒక రైతు, నల్లగొండ జిల్లా

ఇది తెలంగాణ నుంచి చాలామంది అడిగారు. 2024 జులై నుంచి విడతలుగా ఇచ్చిన మాఫీ రెండు లక్షల వరకే, అదీ 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య లెక్కకి. ఆ రెండు లక్షలు కూడా కుటుంబం మొత్తానికి. ఇంట్లో మీ పేర ఒకటి, మీ ఆవిడ పేర ఒకటి అప్పుంటే, రెండూ కలిపి పరిమితి దాటితే పైన మిగిలింది మీరే కట్టాలి. 2023 డిసెంబరు తర్వాత పెరిగిన వడ్డీ ఉంటే అది కూడా ఖాతాలో మిగిలిపోయి ఉండొచ్చు. బాకీ మూడు వేలే కదా అనుకుంటారు, రిపోర్టుకి మూడు వేలైనా మూడు లక్షలైనా బాకీ బాకీయే.

కాబట్టి బ్యాంకుకి వెళ్లి "మాఫీ అయిందా సారూ" అని అడిగి వచ్చేయకండి. ఆ రుణ ఖాతా స్టేట్‌మెంట్ కాగితం మీద తీసివ్వమనండి. అందులో ప్రభుత్వం నుంచి ఎంత జమ అయింది, ఏ తేదీన, ఆ తర్వాత ఎంత మిగిలింది అన్నవి కనిపిస్తాయి. మిగిలింది కట్టేసి, ఖాతా మూసేయమనో రెన్యువల్ చేయమనో రాసి ఇచ్చి, ఆ కాగితం నకలు మీద ముద్ర వేయించుకోండి. నిల్వ సున్నా ఉండి కూడా రిపోర్టులో బాకీ చూపిస్తుంటే అది బ్యాంకు వివరం పంపకపోవడం, దానికి ఫిర్యాదు ఎలా పెట్టాలో కింద నిజామాబాద్ ఉత్తరానికి జవాబులో రాశాను. పంట అప్పుకి నెలనెలా ఈఎంఐ లెక్క ఉండదు, స్వల్పకాలిక పంటలకైతే రెండు పంట కాలాలు దాటినా కట్టకపోతేనే మొండి బాకీ కింద వేయాలి. మీది అంతకంటే ముందే వేసి ఉంటే అది కూడా అడగండి.

ప్రశ్న: మా బావమరిది వ్యాపారం లోన్‌కి షూరిటీ సంతకం పెట్టాను. వాడు ఆర్నెల్లుగా కట్టడం లేదు. ఇప్పుడు నాకు లోన్ రావడం లేదు. నేను రూపాయి తీసుకోలేదు కదా, నా పేరెందుకు ఎక్కించారు? తీయించుకోవచ్చా?
— రిటైర్డ్ ఉద్యోగి, ఒంగోలు

మీరు తీసుకోలేదు నిజమే, కానీ కడతానని సంతకం పెట్టారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, అందులో 128వ సెక్షను ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీకీ అంతే. ముందు అతన్ని అడిగి, అతని ఆస్తి అమ్మి, అప్పటికీ తీరకపోతేనే మీ దగ్గరికి రావాలన్న వరసేమీ లేదు. మీ రిపోర్టు తెరిస్తే ఆ అప్పు గ్యారంటర్ హోదాలో కనిపిస్తుంది, దాని కింద అతను ఎగ్గొట్టిన నెలల గడులతో సహా.

సంతకం వెనక్కి తీసుకుంటానంటే బ్యాంకు ఒప్పుకోదు, ఇంకో షూరిటీనో ఆస్తి పత్రాలో చూపిస్తే ఒప్పుకోవచ్చు. బావమరిది దగ్గర డబ్బు లేదు, మీ దగ్గర ఉందంటే, మనసుకి కష్టమైనా పాత వాయిదాలు మీరే కట్టి ఖాతాను గాడిలో పెట్టడమే దారి. అలా కట్టిన ప్రతి రూపాయికీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ రికార్డు ఉంచుకోండి, చేతికి ఇచ్చి కట్టించకండి, ఆ డబ్బు అతని దగ్గర వసూలు చేసుకునే హక్కు అదే చట్టం మీకిస్తుంది. ఆ హక్కు వాడతారా లేదా అన్నది మీ ఇంటి సంగతి. చుట్టరికంలో కాదనలేక సంతకాలు పెట్టే మిగతావాళ్లకి నా సలహా, ఆ లోన్ ఖాతా మెసేజులు మీ ఫోన్‌కి కూడా వచ్చేలా మొదటిరోజే అడగండి. ఆరునెలల తర్వాత కాకుండా మొదటి నెలలోనే తెలుస్తుంది.

ప్రశ్న: ఉచిత రిపోర్టు తీస్తే 18,400 రూపాయల పర్సనల్ లోన్, మూడు నెలలు బాకీ అని ఉంది. ఆ కంపెనీ పేరే వినలేదు నేను. ఎవరిని అడగాలి?
— ఒక టీచరు, నిజామాబాద్

మొదట అది నిజంగా మీది అవునో కాదో చూసుకోండి. షాపులో ఈఎంఐ మీద కొన్న ఫ్రిజ్జు, ఆన్‌లైన్‌లో "ఇప్పుడు కొను, తర్వాత కట్టు" అని నొక్కిన బట్టలు, ఇవన్నీ రిపోర్టులో అప్పులే. పైగా షాపు పేరు పడదు, వెనకనుంచి డబ్బు పెట్టిన ఫైనాన్స్ కంపెనీ పేరు పడుతుంది. అప్పు మొదలైన తేదీ చూసి ఆ నెలలో ఏం కొన్నారో గుర్తు చేసుకోండి.

అదేం కాదంటే ఇక రెండు అవకాశాలు. ఒకటి, పేర్ల కలగాపులగం. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా, పాన్ కార్డులో ముందు, ఆధార్‌లో వెనక ఉండే మన పేర్లతో ఇది జరుగుతూనే ఉంటుంది, మీ ఊళ్లో మీ పేరే ఉన్న ఇంకొకావిడ అప్పు మీ ఖాతాలో పడొచ్చు. రెండోది మోసం, మీ పాన్, ఆధార్ నకళ్లతో ఎవరో అప్పు తీసుకోవడం. ఆ లోన్ పక్కన ఉన్న ఫోన్ నంబరు, చిరునామా మీవి కాకపోతే ఏదో ఒకటి జరిగినట్టే. మోసం అనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసిపెట్టుకోండి.

ఇక ఫిర్యాదు. రిపోర్టు తీసిన కంపెనీ వెబ్‌సైటులోనే డిస్ప్యూట్ అనే చోట ఆ ఖాతా ఎంచుకుని "ఇది నాది కాదు" అని పెట్టాలి, దీనికి డబ్బు కట్టనక్కర్లేదు. సిబిల్ తనంతట తాను దిద్దలేదు, అప్పిచ్చిన కంపెనీని అడిగి అది ఒప్పుకుంటేనే మారుస్తుంది. అందుకే అదేరోజు ఆ ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి కూడా మెయిల్ పెట్టండి, నా పేరున అప్పిచ్చినప్పుడు తీసుకున్న కాగితాలు, డబ్బు వేసిన బ్యాంకు ఖాతా వివరాలు చూపించండని గట్టిగా అడగండి. ఆ ఖాతా మీది కాదని తేలితే వాళ్ల దగ్గర చెప్పడానికేమీ ఉండదు. మిగతా మూడు కంపెనీల రిపోర్టులూ తీసి అక్కడా ఉందేమో చూడండి, ఉంటే అక్కడా పెట్టాలి.

గడువు 30 రోజులు. ఆలోపు తేల్చకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. ఆలస్యం ఎవరివల్ల అయితే వాళ్లు, అప్పిచ్చినవాళ్లో సిబిల్‌లాంటి కంపెనీయో, కట్టాలి. ఈ మాట మీ మెయిల్‌లో ఒక వాక్యంగా రాసి చూడండి, జవాబు ఎలా వస్తుందో! అప్పటికీ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు, 2022 సెప్టెంబరు నుంచి ఈ స్కోరు కంపెనీలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడానికి రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్ ఉంది, ఎలా పెట్టాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేయండి. అందుకే మొదటి ఫిర్యాదు నంబరు, తేదీ, వచ్చిన జవాబులు ఒకచోట పెట్టుకోండి, నోటిమాటగా అడిగినవేవీ అక్కడ నిలబడవు.

ప్రశ్న: అబ్బాయి టెక్సాస్‌లో ఎంఎస్ చేసి ఉద్యోగంలో చేరాడు. ఎడ్యుకేషన్ లోన్‌లో నేను కో-అప్లికెంట్‌ని. వాడు డబ్బు పంపడం అటూఇటూ అయి రెండుసార్లు ఈఎంఐ ఆలస్యమైంది, నా స్కోరు పడింది. వాడికి అమెరికాలో 740 ఉందట, అది ఇక్కడ పనికిరాదా?
— ఒక తండ్రి, గుంటూరు

పనికిరాదండీ. ట్రాన్స్‌యూనియన్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్ పేర్లు అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి లెక్క కూడా ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. అక్కడి ఫైకో స్కోరు 300 నుంచి 850 దాకా, అక్కడి అప్పుల మీద. ఇక్కడ ఈఎంఐ తప్పితే మామూలుగా అక్కడి స్కోరుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇది మంచి వార్తలా కనిపిస్తుంది గానీ చిక్కంతా ఇక్కడే ఉంది: వాడికి అక్కడ ఏమీ అనిపించదు, దెబ్బ మీకు తగులుతుంది. వాడి పేరున ఉన్న భారతీయ రిపోర్టులోనూ అదే గడి పడుతుంది, కానీ పదేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఫ్లాటు కొనాలనుకునేదాకా వాడు దాన్ని తెరిచి చూడడు.

వాడు పంపిన రోజున కట్టే పద్ధతి మానేయండి. రెండు ఈఎంఐలకి సరిపడా డబ్బు ఆ లోన్‌కి జోడించిన ఖాతాలో ఎప్పుడూ ఉండేలా ఒకేసారి పంపమనండి, అక్కడినుంచి ఆటో డెబిట్ నడవనివ్వండి, వాడు పంపేది ఆ నిల్వని నింపడానికి. అప్పుడు వారం ఆలస్యమైనా మీకు ఏమీ కాదు. ఒకవేళ వాడి ఉద్యోగానికి ఇబ్బంది వస్తే, ఇంట్లో చెప్పడానికి మొహమాటపడి మూడు నెలలు లాగుతారు పిల్లలు, ముందే చెప్పమని మీరే అడిగి పెట్టుకోండి. వాయిదా తప్పకముందు బ్యాంకుకి రాస్తే గడువు పొడిగించడమో ఈఎంఐ తగ్గించడమో చేయొచ్చు. అలా మార్చినట్టు కూడా రిపోర్టులో రాస్తారు, అయినా ఎగవేత కంటే అది మేలు.

ప్రశ్న: అమీర్‌పేటలో ఒకాయన 15,000 ఇస్తే నెలలో స్కోరు 800 చేయిస్తానంటున్నాడు. సిబిల్ ఆఫీసులో తెలిసినవాళ్లున్నారట. ఆధార్, పాన్ ఇచ్చాను, డబ్బు ఇంకా ఇవ్వలేదు.
— పేరు రాయవద్దన్న పాఠకుడు, హైదరాబాద్

ఇవ్వకండి. నిజమైన బాకీని తీసేసే శక్తి ఆ ఆఫీసులో ఎవరికీ లేదు, తప్పుడు బాకీని తీయించుకోవడానికి మీరే ఉచితంగా ఫిర్యాదు పెట్టుకోవచ్చు, మధ్యలో అతనికేం పని? ఇలాంటివాళ్లు చేసేది ఒక్కటే, మీ పేరున లాగిన్ తీసి, ఉన్న అప్పులన్నిటి మీదా "నావి కావు" అని ఫిర్యాదులు పడేస్తారు. ముప్పై రోజుల్లో అవి కొట్టేయబడతాయి, అప్పటికి మీ డబ్బు అతని దగ్గరుంటుంది.

కాగితాలు ఇచ్చేశారు కాబట్టి ఈ రెండూ చేయండి. అతను మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఎప్పుడైనా అడిగి తీసుకుని ఉంటే ఈరోజే సిబిల్ ఖాతా పాస్‌వర్డు మార్చి, అందులో ఉన్న ఫోన్ నంబరు, మెయిల్ మీవేనా చూడండి. తర్వాత వచ్చే మూడు నెలలూ ఎంక్వైరీల పేజీ తెరిచి చూడండి. ఎవరైనా మీ రిపోర్టు తీస్తే మీకు మెసేజో మెయిలో పంపాలన్న నియమం ఇప్పుడుంది, కాబట్టి మీరు అడగని లోన్ గురించి అలాంటి మెసేజు వస్తే ప్రకటనేమోలే అని చెరిపేయకుండా ఆ కంపెనీకి వెంటనే ఫోన్ చేసి ఆ దరఖాస్తు నాది కాదని చెప్పండి.